ఐస్ పెట్టెతో ఆళ్లగడ్డ దాకా: ఒక ఎద్దు కొమ్ము కోసం

ఇది మహాయాత్ర. ఇందులో నల్లమల కొండలున్నాయి. నిప్పులు చెరిగే ఎండ ఉంది. ప్రాణాపాయంలో పడిన ఒక వీరుడున్నాడు. వాణ్ని బతికించే ఔషధం కోసం దారి కాచిన ఊరుంది. ఆ ఔషధాన్ని గుండెలకు హత్తుకుని దూరాన్నుంచి వచ్చిన యువకుడున్నాడు.

కాసేపు ఆగండి. కొండలు బస్సు కిటికీలోంచి కనిపించాయి, అంతే. ఎండ మే నెలలో అందరికీ ఉండేదే. వీరుడు ఒక ఎద్దు. యువకుణ్ని నేను. నా దగ్గర ఔషధం లేదు, గుండెలకు హత్తుకున్నది ఐస్ పెట్టె. అదీ భుజానికి తగిలించుకునే పట్టీ తెగిపోవడం వల్ల.

ఎద్దు దగ్గరికి ఐస్ పెట్టె ఎందుకు పోయిందో చెప్పాలంటే ముందు ఎలుకల గురించి చెప్పాలి.

హైదరాబాద్‌లో నేను పనిచేసే ల్యాబులో ఎలుకలకు క్యాన్సర్ గడ్డలు పెంచి, ఆ గడ్డల రక్తనాళాలను దెబ్బతీసే మందులు పరీక్షిస్తాం. గడ్డ ఆవగింజంత ఉన్నప్పుడు చుట్టుపక్కల దొరికినదానితో సర్దుకుపోతుంది. అంతకు మించి పెరగాలంటే సొంత రక్తం కావాలి. పక్కన ఉన్న మంచి నాళాలకు కబురు పెడుతుంది. అవి కొమ్మలు వేసుకుంటూ లోపలికి వస్తాయి. హడావిడిలో కట్టిన ఇల్లులాగా ఆ కొత్త నాళాలు వంకరటింకరగా ఉంటాయి, గోడలు కారుతుంటాయి. మా మందు వాటినే పట్టుకుని కూలుస్తుంది. రక్తం అందక గడ్డ నడిమధ్య నల్లబడి చచ్చిపోతుంది.

నా ఎలుకల్లోనూ నడిమధ్య చక్కగా చచ్చింది. కానీ అంచున పలుచటి పొర ఒకటి మిగిలింది. అది పక్కనున్న మంచి నాళాల రక్తం తాగుతుంది కనుక మా మందు దాని జోలికి పోదు. ఆ పొరలోంచే గడ్డ మళ్లీ మొలిచింది. నా ఎలుకలు పోయాయి.

నా పక్క బల్ల నాగేంద్రవి పోలేదు. అదే గది, అదే మందు, అదే జాతి ఎలుకలు. వాడు ఆ అంచు పొర కోసం ఇంకో మందు జోడించాడు. చూసినంతకాలం వాడి ఎలుకలు నిక్షేపంగా ఉన్నాయి. పొద్దున్నే గది తలుపు తీస్తే వాడి వైపు బోనుల్లో గింజలు కొరుకుతున్న చప్పుడు, నా వైపు ధ్యానమందిరం. విశాఖలో జరిగే సదస్సులో మాట్లాడటానికి మా మేడం వాణ్ని ఎంచుకున్నారు. నేను మనస్ఫూర్తిగా అభినందించాను. ఆ పూట అన్నం తినలేదు, అది వేరే విషయం. అసూయ అనే మాటకు నాకు అభ్యంతరమేమీ లేదు. దానికంటే మర్యాదైన మాట వెతికాను, దొరకలేదు.

సరిగ్గా అప్పుడే రుద్రవరం దగ్గర ఒక ఎద్దుకు కొమ్ములో క్యాన్సర్ వచ్చిందని తెలిసింది. మన నాటు ఎద్దులకు ఇది కొత్త రోగం కాదు. ఎలుకలో గడ్డ మేం పెట్టినది. ఈ ఎద్దులోది దానంతటది పుట్టి, నెలల తరబడి సొంతంగా నాళాలు అల్లుకున్నది. వాటి వంకర, మా ఎలుకల నాళాల వంకర ఒక్కటేనా అని చూడాలని మేడం కోరిక. ఆళ్లగడ్డ పశువుల డాక్టరమ్మ మేడం స్నేహితురాలే. కొమ్ము తీసేరోజు చిన్న ముక్క తెచ్చుకోమంది. ఒక ముక్క కుళ్లిపోకుండా ఉంచే ఫార్మలిన్ సీసాలో, ఒక ముక్క తాజాగా ఐసులో.

ఎద్దు నాగేంద్ర సొంత మేనమామది. నాగేంద్రకు విశాఖ ఉపన్యాసం తయారుచేసుకునే పని. కాబట్టి నన్ను పొమ్మన్నారు. వాడి ఊరికి, వాడి మామ దగ్గరికి, వాడి ఉపన్యాసంలో చూపించబోయే ముక్క కోసం. యాత్ర అంటే ఇలా ఉండాలి.

నంద్యాల

బస్సు దింపేసరికి ఐస్ సగం కరిగింది. నేను పూర్తిగా కరిగాను.

నంద్యాలకు ఆ పేరు నందుల వల్ల వచ్చిందంటారు. చుట్టూ తొమ్మిది నందులున్నాయి, భక్తులు వరసగా తిరిగి వస్తారు. పదో నంది దగ్గరికి పోతున్న మొదటి యాత్రికుణ్ని నేనేనేమో అనుకుంటూ బస్టాండు ఎదురుగా ఉన్న చిన్న హోటల్లో కూర్చున్నాను. టిఫిన్ ఏముందంటే ఉగ్గాని అన్నాడు. నానబెట్టిన బొరుగులు పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి తాలింపులో వేసి, పైన పుట్నాల పొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జీ. మా తణుకులో బొరుగులంటే సాయంత్రం పూట పొట్లంలో తినేవి. బజ్జీ అంటే వాన పడినప్పుడు తినేది. ఇక్కడ ఈ రెండింటినీ కలిపి పొద్దున్నే, ఎండలో, ఖాళీ కడుపు మీదకి వదులుతారు. రుచి మాత్రం ఎదురు చెప్పలేనిది. ఎదురు చెప్పడానికి నాలుక కూడా ఉండదు.

హోటలాయన నా పెట్టె వంక చూశాడు.

"యాడికప్పా, పెట్టె ఎత్తుకోని?"

"రుద్రవరం వైపండీ. ఓబుల్ రెడ్డిగారని..."

"ఎద్దుల ఓబుల్ రెడ్డినా? మా నాగేంద్ర వాళ్ల మామ?"

నంద్యాలలో దిగి ఇంకా చెయ్యి కడుక్కోలేదు, వాడి పేరు వచ్చేసింది.

"నాగేంద్ర ఈడనే గదప్పా డిగ్రీ సదివింది. దినామూ ఆ బల్ల మీదనే తినేటోడు. బంగారట్లా పిల్లోడు. నువ్వు వాని ఫ్రెండా?"

నోట్లో బజ్జీ ఉంది. తల ఊపాను. ఇంకో బజ్జీ పడింది ప్లేట్లో.

"ఐసు పెట్టెలో ఏందీ, మందా? పశువులాస్పత్రోళ్లు గూడా టీకాలు ఇట్లాంటి డబ్బాలోనే తెస్తారు."

ఆ క్షణంలో మిరపకాయ గింజ ఒకటి గొంతులో ఇరుక్కుంది. కళ్లల్లో నీళ్లు. నీళ్ల గ్లాసు కోసం చెయ్యి ఊపుతూ, 'కాదు, ఖాళీ సీసాలు' అనే మొత్తం వివరాన్ని తలతో చెప్పబోయాను. ఆయనకు అది 'అవును'లా కనిపించింది. ఇంతటి కథకూ మూలం ఆ గింజే.

లేచేటప్పుడు డబ్బులిస్తే ఉగ్గానికి మాత్రమే తీసుకున్నాడు.

"బజ్జీలు నాగేంద్ర ఖాతాలో. ఉగ్గాని నీది."

పక్కనున్న చెరకు రసం బండివాడు తన ఐస్ దిమ్మలోంచి ఒక పెద్ద ముక్క కొట్టి నా పెట్టెలో వేశాడు. దానితోపాటు అల్లం, నిమ్మకాయ వాసన కూడా ఉచితంగా వచ్చింది. నేను ఆళ్లగడ్డ బస్సెక్కుతుంటే హోటలాయన ఫోను చెవిలో పెట్టుకుని నా వైపే చూస్తూ నవ్వుతున్నాడు. మంచి మనుషులు అనుకున్నాను. ఆయన ఎవరికి ఫోన్ చేస్తున్నాడో నాకేం తెలుసు.

ఆళ్లగడ్డ

ఆళ్లగడ్డలో రోడ్డు పక్కన దేవుళ్లు పుడుతుంటారు. షెడ్ల కింద ఉలుల చప్పుడు, తెల్లటి రాతి పొడి. నడుం దాకా వచ్చిన వెంకటేశ్వరస్వామి ఒకాయన మిగతా సగం కోసం ఓపిగ్గా నిలబడి ఉన్నాడు. ఒక శిల్పి నందిని చెక్కుతున్నాడు. గంటలు, మువ్వలు, మెడ మీద మడతలు అన్నీ వచ్చాయి, కొమ్ములు మాత్రం లేవు.

"కొమ్ములు లేవేంటండీ?" అన్నాను.

"ఆఖర్న తీస్తాం. ముందే తీస్తే పని సేసేటప్పుడు తగిలి ఇరుగుతాయి." అని, నా తెల్లచొక్కా మీద ఉలితో ఇంత పొడి ఎగరగొట్టి, "ఆ పక్కన నిలబడప్పా," అన్నాడు.

మా వైపు ఒకరిని పక్కకు జరగమనాలంటే కనీసం రెండు 'అండి'లు, ఒక 'కాస్త' ఖర్చవుతాయి. ఇక్కడ అన్నింటికీ కలిపి ఒక్క 'అప్పా'తో సరిపెడతారు. పొదుపు మనుషులు.

పశువుల ఆస్పత్రిలో డాక్టరమ్మ ఒక మేక నోట్లో చెయ్యి పెట్టి ఉంది. చెయ్యి తియ్యకుండానే మాట్లాడింది.

"వచ్చావా. కొమ్ము మాత్రం ఇంకా ఎద్దు మీదే ఉంది."

"రేపు తీస్తామన్నారు కదా మేడం?"

"నేనన్నాను. ఓబుల్ రెడ్డి అనలేదు. కొమ్ము ఒక పక్కకి వంగినప్పుడే రమ్మన్నాను. ఇప్పుడు ఆ వైపు ముక్కులోంచి రక్తం వస్తోంది. ఇంకా ఆలస్యమైతే అది పుర్రెలోకి దిగుతుంది. దిగాక నేను కోసినా ఒకటే, కోయకపోయినా ఒకటే. ఎద్దు పోతుంది."

"ఎందుకు ఆగాడండీ మరి?"

ఆమె మేక నోట్లోంచి చెయ్యి తీసి, నా పెట్టె చూసింది.

"మీ నాగేంద్ర మందు పంపిస్తాడని. కొయ్యకుండా తగ్గుతుందంట కదా. మేనల్లుడు ఎలుకల్ని బతికించాడు, ఎద్దు ఒక లెక్కా అంటున్నాడు. నేను చెప్తే వినడు, నేను కోసే డాక్టర్ని కదా. మీ ల్యాబు మనిషివి, నువ్వు పోయి చెప్పు."

నాగేంద్ర మందు పనికిరాదని నాగేంద్ర ఊళ్లో, నాగేంద్ర మామకు, నేను చెప్పాలి. నా బాధను బయటికి కనిపించనివ్వకుండా వెంటనే ఒప్పుకున్నాను. ఆటోలో రుద్రవరం దారి పట్టాక ఒకటి రెండుసార్లు ఈల కూడా వేసి ఉంటాను.

రుద్రవరం దగ్గర, ఒక పశువుల కొట్టం

ఊరి పేరు రాయను, వాళ్లు చదివితే నన్ను మళ్లీ రానివ్వరు.

ఆటో దిగేసరికి కొట్టం ముందు జనం. నులక మంచం మీద కొత్త దుప్పటి పరిచి ఉంది. నా కోసం అనుకుని కూర్చోబోయాను. నాగేంద్ర అత్త, నాగలక్ష్మమ్మ, నా చేతిలోంచి పెట్టె అందుకుని దుప్పటి మీద పెట్టింది. పెట్టెకు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. నాకు ఒక స్టూలు చూపించారు.

"నంద్యాల్నించి ఫోన్ జేసినాడు హోటలాయప్ప. మందొచ్చిందని," అన్నాడు ఓబుల్ రెడ్డి. గట్టి మనిషి, నెరిసిన మీసం, మాట మాత్రం మెత్తన. "రాత్రి నుంచి సింగడు మేత ముట్టలా. ఇంగ బయం లేదులే."

సింగడిని చూశాను. తెల్లటి ఎద్దు. నా భుజం కంటే ఎత్తైన మూపురం. బండలాగుడు పోటీల్లో వాడూ, జోడీ రంగడూ గెలిచిన కప్పులు కొట్టం గోడకు వరసగా ఉన్నాయి. రంగడి కొమ్ములు రెండూ ఆకాశం వైపు చూస్తున్నాయి. సింగడి ఎడమ కొమ్ము చెవి వైపు వాలిపోయింది. విచిత్రమేమిటంటే వాడి కొమ్ముల కొసలు రెంటినీ కలిపి తల మీదుగా తాడు బిగించి ఉంది.

"ఇదేంటండీ మామయ్యగారూ?"

"గారూ గీరూ వద్దులేప్పా, మామా అను. కొమ్ము వంగింటే బండ తగిలిందేమో అనుకుంటి. దూడలప్పుడు కొమ్ములు సమంగా లెయ్యాలని ఇట్లనే తాడు కడ్తాం గదా. సరయితాదిలే అని కడ్తి."

మా ఊళ్లో పిల్లల పళ్లకు తీగలు కడితే తెలుసు, దూడల కొమ్ములకు కట్టు కట్టడం ఇక్కడే చూశాను. దూడ కొమ్ముకు అది పనిచేస్తుందట. లోపల గడ్డ పెరుగుతున్న కొమ్మును ఆయన ఎన్నాళ్లుగానో తాడు బిగిస్తూ సరిచేస్తున్నాడు. వదులైనప్పుడల్లా ఇంకొంచెం.

సింగడు తల విదిలించాడు. ఎడమ ముక్కులోంచి రెండు ఎర్రటి చుక్కలు గడ్డి మీద పడ్డాయి. ఓబుల్ రెడ్డి తన తువ్వాలుతో ముక్కు తుడిచాడు. ఆ తువ్వాలు నిండా పాత మరకలే.

"తియ్యప్పా మందు," అన్నాడు.

పెట్టె తెరిచాను. జనం మెడలు సాచారు. ఐస్ ముక్కలు, నీళ్లు, రెండు ఖాళీ సీసాలు.

వెనకనుంచి ఒక పెద్దాయన వంగి గట్టిగా వాసన పీల్చాడు. "ఏందిరా, మందు సెరకు రసం వాసనొస్తాంది?"

ఎవరూ నవ్వలేదు. నాకు మాత్రం నవ్వొచ్చింది, మింగేశాను.

"మామా, నేను మందు తేలేదు. కొమ్ము తీశాక అందులోంచి చిన్న ముక్క తీసుకుపోదామని వచ్చాను."

ఓబుల్ రెడ్డి పెట్టె వంక చూశాడు, కుంకుమ బొట్టు వంక చూశాడు, నా వంక చూశాడు.

"ఇచ్చేటోనివి గాదు. తీసుకపోయేటోనివి."

"అంతేనండీ."

"నాగేంద్రతో మాట్లాడతా," అని ఫోను తీశాడు.

ఫోను

స్పీకర్లో పెట్టాడు. జనమంతా విన్నారు.

"సెప్పు మామా," అన్నాడు నాగేంద్ర. ల్యాబులో 'గుడ్ మార్నింగ్, హౌ ఆర్ యూ' అనే మనిషి. వాడికి ఇంకో గొంతు ఉందని నాకు అప్పుడే తెలిసింది, ఆ గొంతు కూడా బాగుంది. అది కూడా నాకు నచ్చలేదు.

"నీ ఫ్రెండు మందు లేదంటాండు. నువ్వు వస్తాదంటివే?"

అవతల కుర్చీ జరిపిన చప్పుడు. తర్వాత, "సూద్దాం మామా. మా మేడంతో మాట్లాడతా. ఏదో ఒగటి సేద్దాం. నువ్వు దిగులు పడగాకు."

నేను ఫోను అందుకుని స్పీకర్ ఆపి, కొట్టం వెనక గడ్డివాము దగ్గరికి నడిచాను.

"ఏదో ఒకటి ఏంట్రా? ఎద్దు ముక్కులోంచి రక్తం వస్తోంది. డాక్టరమ్మ కొమ్ము తీసేయమంటోంది, నువ్వు చూద్దామంటున్నావ్."

"నాకు తెలుసురా. మన మందు ఎద్దుకు ఎవరూ ఇచ్చి చూడలేదు. ఎలుక ఎంత, సింగడెంత, ల్యాబులో ఉన్నదంతా ఒక్క పూటకు చాలదు. తెలిసీ చెప్పలేకపోయా. చిన్నప్పుడు నన్ను సింగడి వాళ్లమ్మ మీద ఎక్కించి తిప్పేవాడు మా మామ. ఆయన అడిగితే నాకు లేదని నోరు రాదు. నువ్వే చెప్పరా."

చాలాకాలంగా నేను కోరుకున్న మాట అదే. నాగేంద్ర మందు ఉత్తదే అని, పదిమంది ముందు, వాడి అనుమతితో చెప్పొచ్చు. వాక్యం కూడా తయారుగా ఉంది. గడ్డివాము దగ్గర ఒకసారి లోపల అనుకుని చూసుకున్నాను. చిక్కల్లా ఒక్కటే, అది నిజం కాదు. వాడి ఎలుకలు బతికాయి. ఎంత ఈర్ష్యగా ఉన్నా అవి నా ఎదురుగానే గింజలు కొరికాయి. పైగా అలా చెబితే ఓబుల్ రెడ్డి నమ్మడు, మేనల్లుడి మీద కుళ్లు అనుకుంటాడు. అనుకున్నది కూడా నిజమే అవుతుంది.

తిరిగి కొట్టంలోకి వచ్చి స్టూలు మీద కూర్చున్నాను.

"మామా, నాగేంద్ర ఎలుకలు బతికిన మాట నిజం. నా ఎలుకల సంగతి వాడు చెప్పాడా?"

"నీకు గూడా ఎలకలుండాయా?"

"ఉండేవి. అన్నీ పోయాయి."

జనంలో కాస్త ఆసక్తి కలిగింది. కష్టాలు చెప్పేవాడికి ఎక్కడైనా చెవులుంటాయి.

"మీ చేలకు కె.సి. కాలవ నీళ్లే కదా? ఒకడు దొంగతనంగా అడ్డదిడ్డంగా పిల్లకాలవలు తవ్వుకుని పైరు పెట్టాడనుకోండి. గడ్డ పని అదే. మా మందు ఆ దొంగ కాలవల్ని పూడ్చేస్తుంది. చేను నడిమధ్య పైరు ఎండిపోతుంది. మరి గట్టు పక్కన ఉన్న వరస?"

ఓబుల్ రెడ్డి ఆలోచించలేదు. "అది ఎండదు. పక్కోని మడి తేమ తాగుతాది."

"నా ఎలుకలు దానివల్లే పోయాయి. ఆ గట్టు వరసలోంచి మళ్లీ చేనంతా లేచింది. నాగేంద్ర ఆ వరసకు ఇంకో మందు వేశాడు. ఎలుకలో కుదిరింది. ఎద్దులో ఆ రెండు మందులు ఎవరూ వేసి చూడలేదు, వెయ్యడానికి సరిపడా మందు మా దగ్గర లేదు. మేం చూసి చెప్పేదాకా ఈ గడ్డ ఆగదు. ఇప్పుడైతే గట్టుతో సహా చేను మొత్తం తీసెయ్యడానికి డాక్టరమ్మకు వీలుంది. కొన్నాళ్లు పోతే ఆ వీలు కూడా ఉండదు."

ఆయన ఎద్దు దగ్గరికి నడిచాడు. సింగడి కొమ్ములకు కట్టిన తాడు ముడి విప్పడం మొదలుపెట్టాడు. బిగుసుకుపోయిన ముడి, గోళ్లతో రాలేదు, పళ్లతో విప్పాడు. తాడు వదలగానే కొమ్ము ఇంకొంచెం వాలింది.

"ఒంటికొమ్ము ఎద్దు," అన్నాడు. "ఉగాది పోటీల్లో జోడీని పూలదండలేసి తిప్పుతారప్పా. ఒంటికొమ్ముతో యా మొగం పెట్టుకోని పోవాల. జనాలు నగుతారు."

అంతవరకూ పెట్టె మీద కుంకుమ తుడుస్తున్న నాగలక్ష్మమ్మ తలెత్తకుండానే అంది. "సింగడు యా పక్క ఎద్దు?"

"వలపట. తెలీదా నీకు?" వలపట అంటే కాడికి కుడివైపు కట్టే ఎద్దు.

"మరి పోయేది ఎడమ కొమ్ము. అది రంగని దిక్కుకి వస్తాది. కుడి పక్క నుంచి సూస్తే వానికి కొమ్ముండాది. జనాల్ని ఆ పక్కనే నిలబడమను."

పెద్దాయన ఒకడు నవ్వాడు. తర్వాత అందరూ. ఓబుల్ రెడ్డి నవ్వలేదు గానీ, మీసం కదిలింది.

"పొద్దున్నే బండి మాట్లాడండ్రా," అన్నాడు.

ఆ పూట రాగి సంగటి, నాటుకోడి పులుసు, శనగకాయల ఊరుబిండి, అంటే పల్లీల రోటి పచ్చడి. సంగటి ముద్దను నమలకూడదు, మింగాలి. నేను నమిలాను. వడ్డిస్తున్నావిడ నా దవడల వంక జాలిగా చూస్తూ, "నాగేంద్ర ఐతే ఈపాటికి మూడు ముద్దలు మింగేటోడు," అంది.

మళ్లీ ఆళ్లగడ్డ

సింగడిని చిన్న లారీలో ఎక్కించి తెచ్చారు. రంగడిని కూడా ఎక్కించాల్సి వచ్చింది. వాడు లేకుండా సింగడు బండి ఎక్కనన్నాడు. స్నేహమంటే అలా ఉండాలి అనుకుని, వెంటనే నాగేంద్ర గుర్తొచ్చి, ఆ ఆలోచన అక్కడికి ఆపేశాను.

డాక్టరమ్మ మత్తు సూదులు వేసింది. తల తాళ్లతో కట్టించి, చర్మం కోసి, కొమ్ము మొదట్లో ఒక రక్తనాళాన్ని బయటికి తీసింది. దారం చుట్టి ముడి వేసింది. లాగి చూసి, ఇంకో ముడి. అంతే. కొమ్ముకు రక్తం ఆగిపోయింది.

ఏళ్ల తరబడి ఎలుకల్లో నేను ఆపలేకపోయిన రక్తాన్ని మూరెడు దారం ఆపింది. ఆ దారం మీద నాకు ఎంత కుళ్లు పుట్టిందో చెప్పలేను.

"అలా చూస్తావేం?" అంది ఆమె. "నాళం నా చేతికి అందింది కాబట్టి కట్టాను. లోపలి అవయవాల్లో దాక్కున్న గడ్డలకు దారం పట్టుకుని ఎక్కడికి పోతాం? దానికే మీరు. సీసా తియ్యి."

రంపంతో కొమ్ము తీశాక లోపల గడ్డ కనిపించింది. చెప్పుకోదగ్గ అందమేమీ లేదు, కుళ్లిన కాలీఫ్లవర్‌లా ఉంది. కానీ అంచున సన్నటి ఎర్రటి గీతలు అల్లుకుని ఉన్నాయి, నా ఎలుకల్లో చూసిన వంకరే. అక్కడినుంచే రెండు ముక్కలు కోసి, ఒకటి ఆస్పత్రి ఫార్మలిన్ పోసిన సీసాలో, ఒకటి ఐసులో పెట్టే సీసాలో వేసి ఇచ్చింది.

ఈ పని జరుగుతున్నంతసేపూ ఓబుల్ రెడ్డి అక్కడ లేడు. వెతుకుతూ పోతే శిల్పుల షెడ్డులో దొరికాడు. నిన్నటి శిల్పి చేతిలో ఉలి పట్టుకుని వింటున్నాడు.

"మూరెడు పొడుగు. కొస కొంచెం లోపలికి తిరిగి ఉండాల," అంటున్నాడు ఓబుల్ రెడ్డి.

"రాతి కొమ్ము పెడితే నీ ఎద్దు తల ఎత్తదు రెడ్డీ. వడ్లాయన దగ్గరికి పో, కట్టెతో సేసిస్తాడు," అన్నాడు శిల్పి.

"కట్టెది వద్దులే. నగుబాటు." ఆయన కాసేపు కొమ్ములు లేని నంది నెత్తి మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. "అయిపోయిందా?" అని నన్ను అడిగాడు.

"అయిపోయింది మామా. నిలబడే ఉన్నాడు."

మేం వెళ్లేసరికి సింగడు తలకు పెద్ద కట్టుతో, మత్తు కళ్లతో నిలబడి ఉన్నాడు. రంగడు వాడి మెడ నాకుతున్నాడు. ఓబుల్ రెడ్డి నేరుగా పోయి సింగడికి కుడివైపు నిలబడ్డాడు. అటునుంచి చూస్తే నిజంగానే ఏమీ కాలేదు.

"ఇంగ రాదా మేడం?" అన్నాడు.

"గట్టుతో సహా తీశాను," అంది డాక్టరమ్మ. నా ఉపమానం ఊరు దాటి ఆమె దాకా వచ్చేసింది. "ఏడాది చూడాలి. మాటివ్వను."

తిరుగు దారి

ఆస్పత్రి నుంచి బయలుదేరేటప్పుడు, లారీలో వెంట వచ్చిన నాగలక్ష్మమ్మ బనగానపల్లె మామిడిపళ్లు తెచ్చింది. నాగేంద్రకు ఇష్టమట. హైదరాబాద్ చేరేదాకా ఎండకు మెత్తబడకూడదని, నేను బాత్రూముకు పోయి వచ్చేలోగా ఆమె ఐస్ పెట్టెను సర్దేసింది. పెట్టె నిండా పళ్లు. అడ్డంగా ఉన్న సీసాలు రెండూ శుభ్రంగా గుడ్డలో చుట్టి నా సంచిలో, నా విడిచిన బట్టల మధ్య. పళ్లు సంచిలో ఉన్నాయనుకున్న నాకు ఈ సంగతి హైదరాబాద్‌లో పెట్టె తెరిచాకే తెలిసింది. దారంతా ఆ పెట్టెను ఒళ్లో పెట్టుకుని, నంద్యాలలో చల్లదనం పోకుండా మూత కాస్తే ఎత్తి, లోపలికి చూడకుండానే మళ్లీ చెరకు రసం ఐస్ వేయించి, పసిపిల్లలా కాపాడుకుంటూ తెచ్చాను. నాగేంద్ర మామిడిపళ్లు మంచులో మునిగి ముచ్చటగా చేరాయి. ఐసులో ఉండాల్సిన తాజా ముక్క నా చొక్కాల మధ్య ఉడికిపోయింది.

నాగేంద్ర పెట్టె తెరిచి, పండు వాసన చూసి, ఒక నిమిషం అటు తిరిగి నిలబడ్డాడు. "సింగడు తింటున్నాడా?" అని అడిగాడు. తర్వాత నాకొక పండిచ్చాడు. తీసుకున్నాను. చల్లగా, అన్యాయమైనంత తియ్యగా ఉంది.

విశాఖలో వాడు బాగా మాట్లాడాడట. ఎద్దు గడ్డ నాళాల బొమ్మ తెర మీద వెయ్యగానే హాల్లో కదలిక వచ్చిందట. కృతజ్ఞతల్లో నా పేరు కూడా ఉందట, చివరి నుంచి రెండోది. నా తర్వాతది సింగడిది.

కొన్ని వారాలకు ఒక మధ్యాహ్నం నా ఫోను మోగింది.

"ఎలకలు సచ్చిన అప్పనా?"

"నేనే మామా."

"సింగడు కట్టు ఇప్పినారు. పుండు మానింది. రెండు పూటలా మేస్తాండు. నిన్న ఉత్త కాడి కట్టి నడిపిస్తే రంగని కంటే ముందు పోతాడు ముదనష్టపోడు." కాస్త ఆగి అన్నాడు. "నీ పేరేందప్పా? అడగనే లేదు."

చెప్పాను. ఆయన ఆ పేరు ఒకసారి పలికి చూసుకుని, ఉగాదికి రమ్మని, కుడిపక్క చోటు పెడతానని చెప్పి పెట్టేశాడు.

పక్క బల్ల దగ్గర నాగేంద్ర తల తిప్పి చూశాడు.

"మా మామా? నాకు చెయ్యకుండా నీకెందుకు చేశాడ్రా?"

మామూలుగానే అడిగాడు. కానీ ఆ మామూలు వెనక ఒక సన్నటి జీర ఉంది. దాన్ని నేను ఎక్కడున్నా గుర్తుపడతాను, చాలాకాలంగా నేనే వాడుతున్నాను. ఏమో అన్నాను. ఆ పూట రెండు భోజనాలు తిన్నాను.

ఇక ఆ వైపు ఇదే పని మీద పోయేవాళ్లకు ఒక మాట. నాళాల బొమ్మ వచ్చింది ఫార్మలిన్ సీసాలోని ముక్క నుంచి. ఫార్మలిన్‌లో వేసిన ముక్కకు ఐస్ అవసరం లేదు.